గుంత నుంచి ఉంగరం దాకా: చిన్న గనుల నీలాలను కొనే పద్ధతి

విజయవాడ గవర్నరుపేటలో, గుంటూరు పట్నంబజారులో నగలు చేయించి అమ్మే చిన్న వ్యాపారులు, మంచి నీలం పొదిగిన ఉంగరం చేయించుకోవాలనుకునే కుటుంబాలవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: “దళారులు లేకుండా తవ్వినవారి దగ్గరే నీలం కొనవచ్చా? కొంటే అది అసలైనదని ఎలా తెలుసుకోవాలి?” కొనవచ్చు. అయితే ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఈ రాయి ఏమిటి అన్నది ఒకటి, ఇది ఎవరి చేతుల మీదుగా వచ్చింది అన్నది మరొకటి. మొదటిదానికి పరీక్ష జవాబు చెబుతుంది, రెండోదానికి కాగితం జవాబు చెబుతుంది. ఒకదాని జవాబును రెండోదానికి సరిపెట్టుకున్నవారే ఎక్కువగా నష్టపోవడం నేను చూశాను.

నేను కూడా అలాగే నష్టపోయాను. శ్రీలంకలోని రత్నపుర శివారులో, గుంత గట్టు మీదే, మట్టి అంటి ఉన్న ఒక ముడిరాయిని తవ్వకం పనివాడి చేతి నుంచి కొన్నాను. ఆ వారంలోనే కొలంబోలో పరీక్ష చేయిస్తే అది కృత్రిమ నీలమని తేలింది. కొలిమిలో తయారైన నీలాన్ని ముక్కలు చేసి, గరుకుగా అరగదీసి, మట్టిలో దొర్లించి గనుల దగ్గర అమ్మే మోసం ఉన్నదని నాకు అప్పటికి తెలియదు. అమ్మిన మనిషి నిజంగానే తవ్వకం పనివాడు, మట్టి నిజంగానే ఆ గుంతది. రాయి ఒక్కటే అక్కడిది కాదు. కింద చెప్పిన క్రమమంతా ఆ తరువాత నేను కట్టుదిట్టం చేసుకుంటూ వచ్చినదే.

సిద్ధం చేసుకోవలసినవి

పది రెట్లు పెద్దదిగా చూపే మంచి భూతద్దం, సన్నని మొన గల పటకారు, చిన్న ఎల్‌ఈడీ టార్చి, గ్రాములో వెయ్యో వంతు వరకు చూపే చిన్న డిజిటల్ తూకం, తేలికైన ప్లాస్టిక్ కప్పు, సన్నని దారం, తెల్లని పింగాణీ సాసరు, మందుల షాపులో దొరికే గ్లిజరిన్ సీసా, రాళ్లను చుట్టే కాగితపు పొట్లాలు, ఒక నోటుపుస్తకం. వీటికి రాయిలోని రంగు ఛాయలను విడదీసి చూపే డైక్రోస్కోపు అనే చిన్న గొట్టం తోడైతే చాలా మేలు. వ్యాపారంగా చేసేవారు, రాయిలో వెలుగు ఎంత వంగుతుందో కొలిచే రిఫ్రాక్టోమీటరు కూడా కొనుక్కోవాలి. నీలం దానిపై సుమారు 1.76 నుంచి 1.77 వరకు చూపుతుంది, నీలంలా కనిపించే వేరే రాయి అయిన కృత్రిమ స్పైనెల్ 1.73 దగ్గర ఆగుతుంది.

కాగితాల విషయానికి వస్తే, విదేశం నుంచి వ్యాపారానికి తెచ్చేవారికి పాన్, జీఎస్టీ నమోదు, దిగుమతి–ఎగుమతి కోడ్, ఆ కోడ్‌తో అనుసంధానమైన బ్యాంకు ఖాతా ముందుగానే ఉండాలి. ఇంటికి ఒక్క రాయి కావలసినవారికి ఇవేవీ అక్కరలేదు. వారు రెండో మెట్టు చివర చెప్పిన ప్రత్యామ్నాయాన్ని ఎంచుకోవడం మంచిది.

1. ముందు నగ కొలతలు నిర్ణయించుకోండి. రాయి నచ్చి కొన్నాక దానికి తగిన నగ వెతుక్కోవడం ఖర్చును పెంచుతుంది. ఉంగరానికా, దుద్దులకా, ఎన్ని మిల్లీమీటర్లు, ఏ ఆకారం, ఎంత లోతు వరకు ఫరవాలేదు అన్నవి నగ చేసే ఆచారిగారితో కూర్చుని రాసుకోండి. 6 మిల్లీమీటర్ల గుండ్రని నీలం సుమారు ఒక క్యారెట్ తూగుతుంది. అదే కొలత ఉన్న రాయి ఒకటిన్నర క్యారెట్లు తూగితే అడుగు అతిగా లోతుగా ఉన్నదని అర్థం, పైకి కనిపించని ఆ బరువుకు కూడా మీరే డబ్బు చెల్లిస్తారు.

బరువు ఎప్పుడూ క్యారెట్లలోనే అడగండి. క్యారెట్ అంటే 0.2 గ్రాములు, అది ప్రపంచమంతటా ఒక్కటే. రత్తి అలా కాదు. పాత రత్తి సుమారు 0.6 క్యారెట్, రాళ్ల వ్యాపారంలో చాలాచోట్ల వాడే రత్తి సుమారు 0.9 క్యారెట్. “అయిదు రత్తుల నీలం” అన్న మాట మూడు క్యారెట్లు కావచ్చు, నాలుగున్నర కూడా కావచ్చు.

2. మూలాన్ని ఎంచుకోండి. మనకు దగ్గరగా, చిన్న తవ్వకందారులు ఇప్పటికీ ప్రధానంగా ఉన్న దేశం శ్రీలంక. అక్కడ పొలంలోనో తోటలోనో నిలువుగా గుంత తవ్వి, గోడలు కూలకుండా కర్రలు కట్టి, పంపుతో నీరు తోడేస్తూ, ఇల్లం అని పిలిచే కంకర పొర దాకా దిగుతారు. ఆ కంకరను బుట్టల్లో కడిగి రాళ్లు ఏరుతారు. భూమి యజమాని, లైసెన్సుదారు, పంపు పెట్టినవారు, గుంతలో దిగిన పనివారు వచ్చిన సొమ్మును వాటాలు వేసుకుంటారు. రత్నపుర అక్కడి పాత కేంద్రం. బేరువల రాళ్లు చేతులు మారే పెద్ద బజారు. విజయవాడ నుంచి పినాకిని రైలు ఎక్కి చెన్నై చేరితే కొలంబోకు విమానం గంటన్నర లోపే. బేరువల వ్యాపారుల్లో చాలామంది తమిళం మాట్లాడతారు కనుక, తమిళం బాగా వచ్చిన నమ్మకస్తుడు వెంట ఉంటే సింహళ దుబాసీ అవసరం చాలావరకు తగ్గుతుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మడగాస్కర్‌లోని ఇలకాకలో 1998లో నీలాలు బయటపడిన తరువాత అక్కడి ముడిరాయి శ్రీలంకకు, థాయిలాండ్‌కు పెద్ద ఎత్తున చేరుతోంది. కాబట్టి రత్నపుర వీధిలో కొన్నంత మాత్రాన అది రత్నపుర రాయి కాదు. మడగాస్కర్ నీలం తక్కువది కాదు, చాలా అందమైనవి ఉన్నాయి. అమ్మేవారు లంకదని చెప్పి లంక ధర అడిగినప్పుడే అది తప్పవుతుంది. తొలిసారి కొనేవారు మాత్రం ఇలకాకకు స్వయంగా బయలుదేరవద్దని నా సలహా. అక్కడి భాష, అనుమతులు, భద్రత మూడూ తెలిసిన మనిషి లేకుండా ఆ ప్రయాణం సాగదు.

“కాశ్మీరు నీలం” అని తక్కువ ధరకు చూపేవారి దగ్గర ఆగకండి. కిష్త్‌వాడ్ ప్రాంతంలోని పాడర్ ఎత్తుల్లో 1880ల మొదట్లో కొండచరియ విరిగి బయటపడిన ఆ నిధిలో మేలైన భాగం కొన్నేళ్లలోనే తరిగిపోయింది. ఇప్పుడు తిరిగేవి ఎక్కువగా పాత నగల నుంచి వచ్చిన రాళ్లే, వాటికి పెద్ద ప్రయోగశాలల నివేదికలు ఉంటాయి.

మన రాష్ట్రం సంగతి కూడా చెప్పాలి. కృష్ణ ఒడ్డున కొల్లూరు, పరిటాల వజ్రాలకు పేరుపడిన నేల కావడం వల్ల, నీలాలు కూడా ఇక్కడే దొరుకుతాయని కొందరు నమ్ముతారు. కురువిందం, అంటే నీలం, కెంపు రెండూ ఏ ఖనిజానికి చెందినవో ఆ ఖనిజం, మన అనంతపురం వైపు, ఇప్పుడు తెలంగాణలో ఉన్న ఖమ్మం వైపు దొరుకుతుంది. కానీ నగకు పనికొచ్చే పారదర్శకమైన నీలాన్ని అక్కడి నుంచి ఆశించవద్దు. గొలుగొండ మండలం కరక కొండ, చింతపల్లి ప్రాంతాల్లో రంగురాళ్ల కోసం అటవీ భూమిలో జరిగిన తవ్వకాలు అక్రమమైనవి, గుంతలు కూలి మనుషులు చనిపోయిన తావులవి. “మన ఏజెన్సీ రాయి, తక్కువలో వచ్చింది” అని ఎవరైనా పొట్లం విప్పితే, చేతిలోకి తీసుకోకుండా తిప్పి పంపండి.

ప్రత్యామ్నాయం: ఇంటికి ఒక్క రాయి కావలసినవారు చెన్నైలోనో జైపూర్‌లోనో స్థిరమైన కొట్టు ఉన్న రత్నాల వ్యాపారి దగ్గరికి వెళ్లి, మూడో మెట్టులోని ప్రశ్నలే వారిని అడిగి, దిగుమతి కాగితం నకలు చూపమనండి. నకలు చూపినవారి దగ్గర నాలుగో మెట్టు నుంచి ఇదే క్రమం పాటించండి.

3. ఎవరి గుంత, ఏ లైసెన్సు, ఎవరి వాటా అని అడిగి రాసుకోండి. శ్రీలంకలో రత్నాల తవ్వకానికీ వ్యాపారానికీ జాతీయ రత్న, ఆభరణ ప్రాధికార సంస్థ వేర్వేరుగా లైసెన్సులు ఇస్తుంది. రెండూ చూపించమనండి, ఫోటో తీసుకోవడానికి అనుమతి అడగండి. ఆ తరువాత ఈ ప్రశ్నలు వేయండి. గుంత ఏ ఊళ్లో ఉన్నది? ఈ రాయి ఎప్పుడు దొరికింది? అప్పటి నుంచి ఇప్పటిదాకా ఎన్ని చేతులు మారింది? అమ్మిన సొమ్ములో పనివారి వాటా ఎంత? గుంతలో పిల్లలు పని చేస్తున్నారా? పని ముగిశాక గుంత పూడుస్తారా?

జవాబులు వెంటనే రాకపోవచ్చు. పోలీసువారిలా గద్దించకుండా, కూర్చుని టీ తాగుతూ అడగండి. ఒకే ప్రశ్నను ఇద్దరు వేర్వేరు మనుషులను అడిగితే నిజం దానంతటదే దగ్గరికి వస్తుంది. లైసెన్సు చూపడానికి ఇష్టపడనివారి దగ్గర రాయి ఎంత బాగున్నా కొనవద్దు. “రెండు చేతులు మారింది” అని చెప్పినవారిని మాత్రం తక్కువగా చూడకండి. చిన్న తవ్వకందారులందరికీ కొనేవారు గుంత దగ్గరికి రారు, ఊళ్లోని చిన్న వ్యాపారి లేకపోతే వారి రాయి అమ్ముడుపోదు. ఎన్ని చేతులు మారినా ఫరవాలేదు, ఆ చేతులన్నీ కాగితం మీద కనిపించాలి.

4. పగటి వెలుగులో, తెల్లని కాగితం మీద చూడండి. ఉదయం తొమ్మిదీ పదకొండు మధ్య, నేరుగా ఎండ పడని వరండా నీడ అన్నిటికన్నా మంచిది. పసుపు బల్బు కింద కొన్ని నీలాలు నల్లబడతాయి, కొన్ని ఊదా వైపు తిరుగుతాయి. నగల దుకాణంలోని చురుకైన ఎల్‌ఈడీ కింద దాదాపు ప్రతి రాయీ మెరుస్తుంది. సాయంత్రం లాడ్జి గదిలో తెచ్చి చూపిన రాయిని మరునాటి ఉదయం వరకు కొనవద్దు. అప్పటికి అమ్ముడైపోతుందని తొందరపెడితే పోనివ్వండి.

సానపట్టిన రాయిని ముందు చేతి దూరంలో ఉంచి రంగు చూడండి. తరువాత అచ్చు అక్షరాలున్న కాగితం మీద ముఖం పైకి ఉండేలా పెట్టండి. నడిమధ్య నుంచి అక్షరాలు చదవగలిగితే రాయికి కిటికీ ఉందని అర్థం, అక్కడ వెలుగు తిరిగి రాకుండా కారిపోతోంది. లంక నీలాల్లో రంగు తరచుగా ఒక మూలలోనే చేరి ఉంటుంది. అక్కడి సానవారు ఆ రంగు మచ్చను రాయి అడుగు మొనలో ఉండేలా కోసి, పై నుంచి చూస్తే రాయంతా నీలంగా కనిపించేలా చేస్తారు. అది మోసం కాదు, వారి నేర్పు. కానీ అలాంటి రాయిని మీరు తెచ్చి అడుగు తగ్గించి మళ్లీ సాన పట్టిస్తే రంగు పోయి తెల్లని రాయి మిగులుతుంది. కనుక పక్క నుంచి, వెనుక నుంచి చూసి రంగు ఎక్కడ ఉన్నదో బొమ్మ గీసుకోండి.

ఇప్పుడు భూతద్దం. భూతద్దాన్ని కంటికి ఆనించి, రాయిని దగ్గరికి తెచ్చి, టార్చిని పక్క నుంచి వేయండి. సహజ నీలంలో కనిపించేవి: ఒకదానికొకటి కోణంగా అల్లుకున్న, పట్టుపోగుల్లాంటి సన్నని సూదులు, వేలిముద్రలా పరుచుకున్న చుక్కల పొర, ఆరు పలకల స్ఫటికానికి తగినట్లు తిన్నగా సాగి కోణంగా మలుపు తిరిగే రంగు చారలు. కొలిమి నీలంలో కనిపించేవి: గ్రామఫోను రికార్డు మీది గీతల్లా వంపు తిరిగిన చారలు, గుండ్రని గాలి బుడగలు. మంట కింద పొడిని కరిగించి కురువిందం తయారు చేసే ఈ పద్ధతిని ఫ్రెంచి శాస్త్రవేత్త వెర్నూయ్ 1902లో ప్రకటించాడు. అంటే తాతగారి ఉంగరంలోని నీలం కూడా కృత్రిమమైనది కావచ్చు. పాతదైనంత మాత్రాన సహజమని అనుకోవద్దు.

రాయిలో ఏ లోపమూ కనిపించకపోతే సంతోషపడే ముందు అనుమానించండి. లోపాలు లేని సహజ నీలాలు ఉన్నాయి, కానీ అరుదు. అవి తవ్వకందారు దగ్గర చవకగా దొరకవు.

డైక్రోస్కోపు ఉంటే టార్చి ముందు రాయిని పెట్టి చూడండి. నీలంలో పక్కపక్కనే రెండు ఛాయలు కనిపిస్తాయి, ఒకటి ఊదా నీలం, మరొకటి ఆకుపచ్చ కలిసిన నీలం. గాజు, స్పైనెల్ ఒకే ఛాయ చూపుతాయి. ఒక దిక్కున నీలం కూడా ఒకే ఛాయ చూపుతుంది కాబట్టి రాయిని తిప్పి కనీసం మూడు దిక్కుల నుంచి చూడనిదే తీర్పు చెప్పవద్దు.

5. నీటి తూకం వేయండి. ఇది ఇంటి బల్ల మీద ఎవరైనా చేయగల పరీక్ష. ముందు రాయిని పొడిగా తూచి గ్రాముల్లో రాసుకోండి. తరువాత ప్లాస్టిక్ కప్పులో నీరు పోసి తూకం మీద పెట్టి, అంకెను సున్నాకు తెండి. నీటిలో ఒక్క చుక్క గిన్నెలు తోమే ద్రవం కలిపితే రాయికి గాలి బుడగలు అంటవు. రాయిని సన్నని దారానికి కట్టి, కప్పు అడుగుకూ గోడకూ తగలకుండా, పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అప్పుడు తూకం చూపే అంకెతో పొడి బరువును భాగించండి.

ఉదాహరణకు పొడి బరువు 1.040 గ్రాములు, నీటిలో వేలాడదీసినప్పుడు తూకం 0.260 చూపితే, భాగహారం 4.00 వస్తుంది. నీలానికి రావలసినది అదే. నీలంలా కనిపించే ఇతర రాళ్లలో ఇయోలైట్‌కు 2.6 దగ్గర, టాంజనైట్‌కు 3.35 దగ్గర, స్పైనెల్‌కు 3.6 దగ్గర వస్తుంది. మామూలు గాజు ఇంకా తక్కువ చూపుతుంది, సీసం కలిసిన గాజు మాత్రం బరువెక్కువ.

హెచ్చరికలు రెండు. మొదటిది, క్యారెట్ కంటే చిన్న రాళ్లకు ఈ లెక్కను నమ్మవద్దు. ఒక క్యారెట్ రాయి తొలగించే నీరు 0.050 గ్రాములే కాబట్టి తూకం రెండు మిల్లీగ్రాములు తప్పినా ఫలితం 3.85కో 4.17కో జారిపోతుంది. పెద్ద రాళ్లకు కూడా మూడుసార్లు తూచి, మూడూ దగ్గరగా వస్తేనే లెక్కలోకి తీసుకోండి. ముడిరాయి పగుళ్లలో మట్టి ఉంటే అంకె తగ్గుతుంది, ముందు బాగా కడగాలి. రెండోది మరీ ముఖ్యం. కృత్రిమ నీలం కూడా సరిగ్గా 4.00 చూపుతుంది, ఎందుకంటే అదీ కురువిందమే. ఈ పరీక్ష గాజునూ ఇతర రాళ్లనూ తొలగిస్తుంది, రాయి సహజమని మాత్రం చెప్పలేదు. “నీటి తూకం సరిపోయింది, అసలైనదే” అని ధైర్యంగా కొన్నవారిని నేను చాలామందిని చూశాను.

6. గ్లిజరిన్‌లో ముంచి చూడండి. తెల్ల సాసరులో గ్లిజరిన్ పోసి రాయిని ముంచి, సాసరు కింద నుంచి వెలుగు వచ్చేలా చేస్తే పలకల మెరుపు తగ్గి లోపలి రంగు అమరిక బయటపడుతుంది. తిన్నని, కోణంగా మలుపు తిరిగే చారలు మంచి గుర్తు, వంపు చారలు చెడ్డ గుర్తు. పలకల అంచుల వెంబడి మాత్రమే రంగు గీసినట్లు ముదురుగా ఉంటే, పై పొరకు మాత్రమే రంగు ఎక్కించిన రాయి అది. పక్క నుంచి చూసినప్పుడు నడుము దగ్గర, అంటే రాయి పై భాగం, అడుగు భాగం కలిసే చోట గీత, దాని వెంబడి బుడగలు ఉంటే పైన సహజ నీలపు పలక, కింద కృత్రిమ ముక్క అతికించారని గ్రహించాలి. పగుళ్లలో రంగుగాజు నింపిన రాయిని తిప్పుతున్నప్పుడు పగుళ్ల దగ్గర చురుకైన మెరుపులు కనిపిస్తాయి.

వెనుక మూసి రేకు పెట్టిన పాత నగల్లో ఈ పరీక్షలేవీ జరగవు. అలాంటి నగను రాయి ధరకు కొనవలసి వస్తే, రాయి ఊడదీసి చూపడానికి ఒప్పుకున్నవారి దగ్గరే కొనండి.

7. ప్రయోగశాలకు పంపండి, నివేదికను రాయితో పోల్చండి. మన బల్ల మీది పరీక్షలు చెడ్డ రాళ్లను ఏరివేయడానికే. రాయికి వేడి పెట్టారా, బెరీలియం అనే లోహాన్ని వేడితో ఎక్కించి రంగు మార్చారా అన్నవి ఇంట్లో తేలవు. బెరీలియం రాయి లోలోపలికి చొచ్చుకుపోతుంది, దాన్ని పట్టుకోవడానికి ఖరీదైన యంత్రాలున్న ప్రయోగశాలే కావాలి. రత్నాభరణాల ఎగుమతి మండలి ఆధ్వర్యంలో 1972లో జైపూర్‌లో జెమ్ టెస్టింగ్ లేబొరేటరీగా మొదలై, ఇప్పుడు ఐఐజీజే రీసెర్చ్ అండ్ లేబొరేటరీస్ సెంటర్ అనే పేరుతో ఉన్న ప్రయోగశాల, ముంబయిలో అమెరికా సంస్థ జీఐఏ నడిపే ప్రయోగశాల మనకు అందుబాటులో ఉన్నవి. చాలా ఖరీదైన రాయికి స్విట్జర్లాండ్‌లోని గూబెలిన్, ఎస్ఎస్ఈఎఫ్ ప్రయోగశాలల నివేదికలను కొనేవారు అడుగుతారు.

వేడి చేయడం తప్పు కాదు. శ్రీలంకలో ఒకప్పుడు విలువలేదని పారేసిన గ్యూడా అనే పాలరంగు రాళ్లు 1970ల నుంచి థాయిలాండ్ కొలిముల్లో నీలాలుగా మారాయి. బజారులోని నీలాల్లో అధికభాగం వేడి చేసినవే. దాచిపెట్టడమే తప్పు. గ్రహశాంతికి నీలం ధరించేవారు వేడి చేయని రాయే కావాలంటారు కాబట్టి, నివేదికలో “వేడి చేసిన గుర్తులు లేవు” అన్న మాట ఉన్నదో లేదో చూడనిదే మీ కొట్టులో ఆ మాట పలకవద్దు.

నివేదిక చేతికి రాగానే నాలుగు పనులు చేయండి. ప్రయోగశాల వెబ్‌సైటులో నివేదిక సంఖ్య వేసి చూడండి. బరువును రెండో దశాంశం వరకు మీ తూకంతో పోల్చండి. కొలతలను, మిల్లీమీటర్లలో సన్నగా కొలిచే వెర్నియర్ కాలిపర్‌తో సరిచూడండి. మీరు గీసుకున్న రంగు బొమ్మతో ఫోటోను పోల్చండి. అసలు నివేదికకు వేరే రాయి జతచేసి అమ్మడం కష్టమైన పనేమీ కాదు. నివేదికలో దేశం పేరు ఉంటే అది ప్రయోగశాల అభిప్రాయం. గుంత పేరు, తవ్వినవారి పేరు ఏ నివేదికలోనూ ఉండవు. అందుకే మూడో మెట్టులో రాసుకున్న కాగితం ఇక్కడ కూడా అవసరమే.

8. బేరం, చెల్లింపు, చీటీ. తవ్వకందారులు రాళ్లను రెండు రకాలుగా అమ్ముతారు, ఒకటొకటిగా ఏరుకోనిచ్చి లేదా పొట్లమంతా గంపగుత్తగా. ఏరుకుంటే ఒక్కో రాయి ధర ఎక్కువ, గంపగుత్తకు తక్కువ. ముడిరాయిని గంపగుత్తగా కొనేటప్పుడు సానలో పోయే బరువును గుర్తుంచుకోండి. మామూలుగా పది క్యారెట్ల ముడిరాయి నుంచి రెండు మూడు క్యారెట్ల సానరాయే వస్తుంది. అంటే సానరాయి క్యారెట్‌కు పడే అసలు ఖర్చు, ముడిరాయి క్యారెట్ ధరకు మూడు నుంచి అయిదు రెట్లు. ఈ ఒక్క లెక్క తప్పినవారే మొదటి ప్రయాణంలో చేతులు కాల్చుకుంటారు.

బేరం ఆడండి, కానీ ఆ సాయంత్రం బియ్యానికి డబ్బు కావలసిన మనిషి అవసరాన్ని చూసి సగానికి విరవకండి. న్యాయమైన ధర ఇచ్చి, మరుసటి ఏడాది మళ్లీ వెళ్లినవారికి తవ్వకందారులు మంచి రాయిని ముందుగా చూపుతారన్నది నా అనుభవం.

కొన్న ప్రతి రాయికీ ఒక సంఖ్య, ఒక పొట్లం, ఒక చీటీ. చీటీ మీద తేదీ, గుంత ఉన్న ఊరు, లైసెన్సు సంఖ్య, అమ్మినవారి పేరు, సంతకం, బరువు, కొలతలు, చెల్లించిన మొత్తం, అమ్మినవారు చెప్పిన వేడి వివరం ఉండాలి. పరీక్షలో వేరుగా తేలితే ఎన్ని రోజుల్లో వాపసు తీసుకుంటారో కూడా రాయించండి. మన వైపు నీలాన్ని కొన్నాళ్లు దగ్గర ఉంచుకుని కలిసివస్తుందో లేదో చూసే అలవాటు ఉంది కాబట్టి, మీరు అమ్మేటప్పుడు కూడా ఈ గడువు రాసి ఇవ్వడం మంచిది. రెండు రాళ్లను ఒకే పొట్లంలో వేయకండి. నీలం నీలాన్ని గీస్తుంది, సంఖ్యలూ కలిసిపోతాయి.

విదేశీ చెల్లింపు బ్యాంకు ద్వారానే జరగాలి. మన దేశంలో కొన్నప్పుడు కూడా ఒక లావాదేవీలో 2 లక్షల రూపాయలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని 2017 ఏప్రిల్ నుంచి చట్టం నిషేధించింది.

9. దేశంలోకి తేవడం. శ్రీలంక నుంచి రాళ్లు బయటికి వచ్చేటప్పుడు అక్కడి ప్రాధికార సంస్థ విలువ కట్టి, ముద్ర వేసిన పొట్లంగా రావాలి. అమ్మిన లైసెన్సుదారుతోనే ఆ పని చేయించండి. ముడిరాయి ఎగుమతిపై అక్కడ ఆంక్షలు ఉన్నాయి కాబట్టి, ముడిరాయి కొన్నా అక్కడే సాన పట్టించి తెచ్చుకోండి. ఇక్కడ దిగాక వ్యాపారపు రాళ్లను వ్యక్తిగత సామానుగా దాటించే ప్రయత్నం చేయవద్దు, పట్టుబడితే రాయీ పోతుంది, పేరూ పోతుంది. రత్నాలు కస్టమ్స్ జాబితాలో 7103 శీర్షిక కిందికి వస్తాయి. సుంకం, జీఎస్టీ శాతాలు బడ్జెట్లతో మారుతుంటాయి కనుక బయలుదేరే వారంలోనే కస్టమ్స్ ఏజెంటును అడిగి, ఆ మొత్తాన్ని కలుపుకుని బేరానికి కూర్చోండి.

10. పొదిగేటప్పుడు దగ్గర ఉండండి. నీలం కాఠిన్యం 9, వజ్రం తరువాతి స్థానం. ఆ ధైర్యంతోనే పని బల్ల మీద రాళ్లు పాడుచేస్తారు. మాట్లు పెట్టే పని ఉంటే రాయి పొదగక ముందే పూర్తి కావాలి. రాయి ఉండగానే వెలిగారం పూసి మంట పెడితే, కరిగిన వెలిగారం నీలం ముఖాన్ని తినేసి మెరుపు చెరుపుతుంది. వేడికి లోపలి సూదులు, పగుళ్లు కూడా మారిపోయి, “వేడి చేయలేదు” అన్న నివేదిక ఆ రాయికి చెల్లకుండా పోవచ్చు. గుంటూరు లాలాపేటలో నాకు పని చేసిపెట్టే పెద్ద ఆచారిగారు ఉంగరం సైజు మార్చాలన్నా ముందు రాయి దించుతారు. “బాబూ, బంగారం చెడితే మళ్లీ కరిగిస్తాను, ఇది చెడితే నేనేం చేయగలను” అన్నది ఆయన మాట.

రాయిని పట్టి ఉంచే పంజాలు 22 క్యారెట్ల బంగారంతో చేస్తే మెత్తబడి జారుతాయి. కనీసం గూడు భాగాన్నయినా 18 క్యారెట్లతో చేయించండి, లేదా రాయి చుట్టూ అంచు కట్టే పద్ధతి ఎంచుకోండి. నగ తిరిగి వచ్చాక భూతద్దంతో పలకల అంచులు, నడుము చూసి, పొదిగే ముందు తీసిన ఫోటోతో పోల్చండి. రాయి మారిందేమో అన్న సందేహం కూడా అక్కడే తీరిపోతుంది.

11. బిల్లు రాయడం, అడగడం. నగ మీది బీఐఎస్ హాల్‌మార్క్, ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ బంగారం స్వచ్ఛతకు మాత్రమే హామీ. రాయి గురించి అవి ఏమీ చెప్పవు, అయినా హాల్‌మార్క్ చూసి రాయి కూడా అసలైనదే అనుకునేవారు ఎక్కువ. బిల్లులో బంగారం బరువు వేరుగా, రాయి బరువు క్యారెట్లలో వేరుగా, “సహజ నీలం” అన్న మాట, వేడి వివరం, నివేదిక సంఖ్య, మీ పొట్లం సంఖ్య ఉండాలి. కొనేవారికి చీటీ నకలు కూడా ఇవ్వండి, అందులో ఊరి పేరు, గుంత వివరం ఉంచి ధర మాత్రం కప్పండి. అసలు చీటీని మీ నోటుపుస్తకంలో అంటించి, ఏడాదికొకసారి పెట్టెలోని రాళ్లను తూచి చీటీలతో సరిచూసుకోండి. తూకం ఒక్క సెంటు, అంటే క్యారెట్‌లో నూరో వంతు, తేడా వచ్చినా, ఆ పొట్లాన్ని పక్కన పెట్టి నాలుగో మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టండి.